బస్టాండు వీడియోలో గొంతు

ఆ బడిలో కంప్యూటర్ టీచర్‌కి కుదురుగా ఒకచోట నిలబడడం చేతకాదు. పాఠం చెబుతూ ల్యాబ్‌లో బల్లల చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఒకరి చేతిలోంచి మౌస్ లాక్కుంటుంది, ఇంకొకరి స్క్రీను మీది దుమ్ము వేలితో తుడుస్తుంది, కిటికీ రెక్క తీస్తుంది, మళ్ళీ తనే వేస్తుంది. వీడియో మొదలయ్యే ముందు తెర మీద తిరిగే చక్రంలా ఉంటుందని పిల్లలు ఆవిడకి 'లోడింగ్ టీచర్' అని పేరు పెట్టారు. ఆ పేరు ఆవిడ చెవిన పడింది కూడా. అబద్ధమేముంది, అనుకుని ఊరుకుంది.

ఇంట్లో తల్లీ కూతుళ్ళిద్దరే. తల్లి ఆసుపత్రి వంటగదిలో చాలా ఏళ్ళు పనిచేసి మానేసింది. తండ్రి సిటీ బస్సు డ్రైవరు. కూతురు డిగ్రీ చదువుతుండగా ఒకరోజు డ్యూటీ దిగి ఇంటికొచ్చి, బూట్లు విప్పుకుంటూ విప్పుకుంటూనే పోయాడు. అప్పటినుంచే ఈ పిల్లకి కాలు నిలవడం మానేసిందని తల్లి అంటుంది. అంతకుముందు నుంచీ ఇంతేనని కూతురు అంటుంది.

ఆ ఏడాది కొత్త పుస్తకంలో ఒక పాఠం వచ్చింది. ఇంటర్నెట్లో వీడియోలు మొదలైన రోజుల గురించి, మనం అక్కడ వదిలే డిజిటల్ అడుగుజాడల గురించి. పాఠం పక్కన ఒక పాదం బొమ్మ. చదివితే ఆవలింతలు తప్ప ఏమీ రావు. టీచర్‌కి అది నచ్చలేదు. మొదటిరోజు ల్యాబ్‌లో నెట్ వేగం బాగా తగ్గించేసి, అగ్గిపెట్టెంత సైజులో ఒక పాత వీడియో వేసింది. బొమ్మ కదలడం, ఆగడం, మళ్ళీ కదలడం. పిల్లలు కుర్చీల్లో గిలగిల్లాడిపోయారు. మేమప్పుడు ఇలాగే చూసేవాళ్ళం, అని చెప్పింది. వీడియో ఎక్కించాలంటే ఫోన్‌కి తీగ తగిలించి, నెట్ సెంటర్లో గంటలకొద్దీ కూర్చోవాలి. ఎక్కించినవాళ్ళు నలుగురు స్నేహితులు చూస్తారనుకున్నారే తప్ప, అది అక్కడే ఉండిపోతుందని ఎవరికీ తట్టలేదు.

"తడి సిమెంటు మీద నడిచినట్టన్నమాట," అంది. "ఆరాక తెలుస్తుంది."

తర్వాత వాళ్ళకి ఒక పని పెట్టింది. మన ఊళ్ళో తీసిన బాగా పాత వీడియో ఒకటి వెతికి తీసుకురండి. ఎవరు తీశారు? అందులో ఉన్నది ఎవరు? తీసేముందు వాళ్ళని అడిగారా? ఈ మూడు ప్రశ్నలూ బోర్డు మీద తనే రాసింది. మూడోదాని కింద రెండు గీతలు కొట్టింది.

పిల్లలు ఏవేవో తెచ్చారు. వాన నీళ్ళలో మునిగిన వీధి, ఎవరిదో షాపు ప్రారంభం, తిట్లు నేర్చిన చిలక. చివరి బల్ల వాళ్ళు మాత్రం తమది చివర్లో వేస్తామని పట్టుబట్టి కూర్చున్నారు. దాని పేరు 'ఏడుపు రాణి'. నిమిషం కూడా ఉండదు.

పాత బస్టాండు. గళ్ళ కాగితం మీద రంగులద్దినట్టుంది బొమ్మ. యూనిఫాంలో ఒక చిన్నపిల్ల, మూడో తరగతి చదువుతుందేమో, గోడకి ఆనుకుని ఏడుస్తోంది. గౌను ముందుభాగమంతా తడి. పుస్తకాల సంచీ అడ్డం పెట్టుకుందామని చూస్తోంది, సంచీ సరిపోవడంలేదు. కెమెరా వెనకనుంచి నవ్వులు. "ఇటు చూడవే రాణీ, ఇటు, ఇటు" అని ఒక కుర్రగొంతు. ఇంతలో పక్కనుంచి డ్రైవరు యూనిఫాం వేసుకున్న మనిషి ఒకాయన వచ్చాడు. మొహం సరిగ్గా కనబడనేలేదు, అరచెయ్యి తెరంతా కమ్మేసింది. చీకట్లోంచి మాట మాత్రం వినిపించింది.

"చాల్లే బాబూ. నీ చెల్లెలైతే తీస్తావా? లోపల పెట్టు."

అక్కడితో అయిపోయింది. క్లాసు గొల్లుమంది.

టీచర్ కిటికీ దగ్గర ఆగిపోయింది. ఆవిడ ఆగడం పిల్లలెప్పుడూ చూడలేదు. గబగబా వచ్చి మౌస్ అందుకుని వీడియో మళ్ళీ వేసింది. క్లాసు మళ్ళీ నవ్వింది. ఇంకోసారి వేసింది. ఆ నవ్వులు ఆవిడకి వినబడలేదు, చీకట్లోంచి వచ్చిన తండ్రి గొంతు ఒక్కటే వినబడింది. తండ్రి ఫోటోలు ఇంట్లో ఉన్నాయి. లైసెన్సు ఫోటో, బంధువులతో బిగుసుకుని నిలబడినవి. గొంతే లేదు. మొదట్లో ఆయన మాటలు తలుచుకుంటే గొంతుతో సహా వినిపించేవి. కొన్నేళ్ళకి తెలిసింది, తలలో పలుకుతున్నది ఆయన కాదని. తన గొంతే, కాస్త లావు చేసుకుని వింటోంది. ఆ సంగతి తెలిసిన రోజు ఆవిడ తల్లికి కూడా చెప్పుకోలేదు.

మధ్య బల్ల దగ్గర ఒక అమ్మాయి తల వంచేసి బల్లకి ఆనించుకుంది. పక్కవాళ్ళు ఆమెను గిల్లి "అచ్చం నీలాగే ఉందే, నువ్వేనా" అంటున్నారు. టీచర్ అదీ గమనించలేదు. గంట కొట్టగానే అందరికన్నా ముందు ఆవిడే బయటపడింది.

ఇంటికెళ్ళి చెప్పులైనా విప్పకుండా ఫోన్ తీసి తల్లికి చూపించింది. తల్లికి కళ్ళజోడు దొరకలేదు. బొమ్మ తనకెందుకులే అని, ఫోన్ చెవికి ఆనించుకుంది, అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు. అయిపోయాక కూడా చెవి దగ్గరే ఉంచుకుంది.

"జలుబు చేసింది ఆయనకి," అంది చివరికి. "ముక్కుతో మాట్లాడుతున్నాడు, విన్నావా."

ఫోన్ రెండో చెవికి మార్చుకుని మళ్ళీ అంది. "బాబూ అన్నాడు. మనిషికి బాగా కోపం వస్తేనే బాబూ అనేవాడు."

ఆ సాయంత్రం తల్లి వంటింట్లోకి వెళ్ళడం, ఏదో వంకన మళ్ళీ రావడం, "ఇంకోసారి పెట్టవే" అనడం. మధ్యలో కూతురికి తెలియకుండా కళ్ళు తుడుచుకోవడం.

మర్నాటికి ఆ వీడియో చూసినవాళ్ళ లెక్క పెరిగిపోయింది. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టనిది, పిల్లల ఫోన్లలో ఒకరినుంచి ఒకరికి పాకింది. టీచర్‌కి ఎక్కడో తేడాగా అనిపించింది కానీ, ఆ అనుమానాన్ని పట్టుకుని కూర్చునే ఓపిక లేకపోయింది. బడి వదిలాక ల్యాబ్‌కి తాళం వేస్తుంటే ఒకావిడ వచ్చింది. ముప్ఫైకి దగ్గర పడుతున్న మనిషి. మందుల షాపు వాళ్ళిచ్చే తెల్లకోటు మడిచి చేతిమీద వేసుకుంది. మధ్య బల్ల అమ్మాయికి పిన్నినని చెప్పింది.

"నిన్న మీరు క్లాసులో చూపించింది నన్నే," అంది.

టీచర్ చేతిలో తాళంచెవి అలాగే ఉండిపోయింది.

ఆవిడ గొంతు పెంచలేదు. ఆ పేరుతో బడంతా పిలిచారని, బడి మారితే పేరు కూడా వెంట వచ్చిందని, మొదటి ఉద్యోగంలో ఎవడో తవ్వి తీసి అందరికీ పంపాడని, తర్వాత్తర్వాత జనం మర్చిపోయారని చెప్పింది. తానూ మర్చిపోయినట్టే బతుకుతోంది. వీడియో తీసెయ్యమని సైటు వాళ్ళకి ఎన్నోసార్లు రాసింది. మీరే అని రుజువేంటన్నారు. ఆ రుజువు ఇవ్వడమంటే ఆ మొహం నాదేనని మళ్ళీ ఒప్పుకోవడమే కదా అని వదిలేసింది.

"మా పిల్లకి నేనెప్పుడూ చెప్పలేదండీ. మీ పాఠం చెప్పింది. ఇవాళ దాన్ని కూడా రాణీ అని పిలిచారట."

టీచర్‌కి తల కొట్టేసినట్టయింది. ఏం చెప్పినా సాకులాగే ఉంటుందని తెలిసి, క్షమించమని మాత్రం అడిగింది. ఆ వీడియో తీయించే పూచీ తనదని మాటిచ్చింది. ఆ డ్రైవరు ఎవరో మాత్రం చెప్పలేకపోయింది. నోటిదాకా వచ్చి వెనక్కిపోయింది.

ఆ రోజునుంచి ఇల్లూ బడీ రెండూ ఇరుకైపోయాయి ఆవిడకి. వీడియో తీయించాలి. తీయిస్తే తండ్రి రెండోసారి పోతాడు. దాన్ని తన కంప్యూటర్లోకి దింపుకోవడం చిటికెలో పని. బాణం గుర్తును అక్కడిదాకా జరిపింది, వెనక్కి లాక్కుంది. మళ్ళీ జరిపింది. అడిగారా అని రెండు గీతలు కొట్టింది తనే కదా. తల్లేమో పొద్దున లేస్తూనే ఫోన్ కోసం చెయ్యి చాపుతోంది. ఆమెకీ చెప్పలేదు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడిచి, ఎందుకొచ్చిందో గుర్తురాక, తిరిగి వచ్చేది.

సైటు వాళ్ళకి రాస్తే పరిశీలిస్తామని ఒక ముక్క వచ్చింది. దాన్ని నమ్ముకుంటే లాభం లేదని, ఎక్కించినవాణ్ణి పట్టుకోవాలనుకుంది. వాడు పెట్టుకున్న పేరు ఒక వింత పేరు. అదే పేరుతో ఒకడు పాత ఫోన్ల గురించి ముచ్చటించుకునే పేజీలో ఒకప్పుడు ఏదో తీగ గురించి అడిగాడు. అదే పేరుతో ఇంకోచోట మోటారు సైకిల్ అమ్ముతానని ప్రకటన ఇచ్చి, కింద ఫోన్ నంబరు వేశాడు. ఆ నంబరు ఇప్పుడు బజారు మూల మీద ఒక ఫ్లెక్సీలు ముద్రించే షాపు బోర్డు మీద ఉంది. ఇంత సులువుగా మనిషి దొరికిపోతాడని పిల్లలకి చెప్పడమే కానీ, తను చేసి చూడడం అదే మొదటిసారి. భయమేసింది. ఎవరింట్లోకో తొంగిచూసి వచ్చినట్టనిపించింది.

షాపులో యంత్రం ఎవరిదో నవ్వుమొహాన్ని నెమ్మదిగా బయటికి నెడుతోంది. రంగుల ఘాటు వాసన. షాపాయన చెంపలు నెరిశాయి, కళ్ళజోడు దారంతో మెడలో వేలాడుతోంది. ఏ వీడియోనో తనకి గుర్తులేదన్నాడు. టీచర్ ఫోన్లో వేసి ముందు పెట్టింది. బొమ్మ చూసి కాదు, నవ్వు విని గుర్తుపట్టాడు. అది ఆయన నవ్వే. చప్పున శబ్దం తగ్గించేసి, పైకి వెళ్ళే మెట్ల తలుపు మూసి వచ్చాడు. పైన కూతురు చదువుకుంటోందట.

"తీసేద్దాం మేడం," అన్నాడు, ఎటో చూస్తూ. "ఎలా తీయాలో చెప్పండి."

తీయడానికి పాస్‌వర్డ్ లేదు. మర్చిపోయినవాళ్ళ కోసం సైటు అడిగే రహస్య ప్రశ్న 'మీ అభిమాన హీరో ఎవరు' అని ఉంది. ఆయన ఒక పేరు కొట్టాడు. కాదంది. ఇంకోటి కొట్టాడు. అదీ కాదు. అప్పట్లో తనకి ఎవరంటే పడిచచ్చేవాడో తనకే గుర్తురాక, చిన్ననాటి స్నేహితుడికి ఫోన్ చేసి అడిగాడు. ఆ స్నేహితుడు ఏమనుకున్నాడో ఏమో, చాలాసేపు నవ్వాడు. ఆ పేరు కూడా పనికిరాలేదు. చివరికి నంబరుకి కోడ్ పంపమంటే, షాపు కోసమని ఆయన ఏళ్ళుగా మార్చకుండా అట్టిపెట్టుకున్న ఆ నంబరే కాపాడింది. టీచర్ అంతసేపూ యంత్రానికీ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉంది. కొనడానికొచ్చిన ఒకతను ఆవిణ్ణే షాపువాళ్ళనుకుని ధర అడిగాడు.

ఖాతా తెరుచుకుంది. ఆయన తీసెయ్యబోతుంటే టీచర్ ఆపింది. ముందు ఎవరికీ కనబడకుండా దాచమని, పూర్తిగా తీసెయ్యడానికి కాస్త వ్యవధి కావాలని అంది. ఎందుకన్నట్టు చూశాడు.

"ఆ చెయ్యి అడ్డం పెట్టింది మా నాన్న."

 ఆయన చెయ్యి మౌస్ మీదనుంచి తీసేశాడు. ఆ రోజు ఆ డ్రైవరు తన ఫోన్ లాక్కుని విసిరికొడతాడనుకున్నానని, అలా చేయలేదని, అందుకే వీడియో మిగిలిందని చెప్పాడు. సొరుగులోంచి పెన్‌డ్రైవ్ ఒకటి తీశాడు. ఇందులో వేసిస్తాను, పట్టుకెళ్ళండి, వీడియోలో ఉన్న అమ్మాయికి తెలియదు కదా, అన్నాడు. మంచికే అన్నాడు. టీచర్ చెయ్యి దానంతటదే ముందుకి వెళ్ళింది. వెళ్ళిన చేతిని మరోచేత్తో పట్టుకుని, అడిగి వస్తానని చెప్పి బయటికి నడిచింది.

మందుల షాపులో జనం ఉన్నారు. మధ్యమధ్య ఆగుతూ, కౌంటరుకి ఇవతల నిలబడి చెప్పింది. పిన్ని మాత్రల అట్టను కత్తెరతో కత్తిరిస్తూ వింటోంది. డ్రైవరు మాట రాగానే కత్తెర ఆగింది.

"అందుకేనా మళ్ళీ మళ్ళీ వేశారు."

"అందుకే. మిమ్మల్ని చూడలేదు నేను. ఆయన్నే విన్నాను."

ఎవరో దగ్గుమందు అడిగారు. ఇచ్చి, చిల్లర ఇచ్చి, పిన్ని మళ్ళీ ఇటు తిరిగింది. ఈసారి ఆవిడే మొదలుపెట్టింది. ఆ చెయ్యి అడ్డం వచ్చాక ఏం జరిగిందో వీడియోలో లేదు. డ్రైవరు తన సంచీలోంచి ఇంకో చొక్కా తీసి ఆ పిల్ల నడుముకి చుట్టి, చొక్కా చేతులు ముందుకి ముడివేశాడు. తన వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బస్సు తీశాడు. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు, అద్దంలో మాత్రం చూస్తూ వచ్చాడు. పిల్ల దిగేచోట తనూ దిగాడు. ఎదురొచ్చిన తల్లితో, బస్సులో నా నీళ్ళ సీసా ఒలికి పాప గౌను తడిసిందమ్మా, తిట్టకండి, అన్నాడు.

"మా అమ్మకి నిజం తెలిసింది తర్వాతే. ఆ పూటకి మాత్రం తప్పు ఆయనదే అయింది," అంది పిన్ని.

టీచర్ కౌంటరు అద్దం మీద చెయ్యి ఆనించింది. ఇక అడగకుండానే వెళ్ళిపోదామనిపించింది. కానీ తల్లి గుర్తొచ్చి, ఆ వీడియో తన దగ్గర ఒకటి ఉంచుకోవచ్చా అని అడిగింది.  ఇద్దరు ముగ్గురు వచ్చి మందులు కొనుక్కుని వెళ్ళారు.

"బొమ్మ ఉండకూడదు," అంది పిన్ని. "గొంతు ఉంచుకోండి."

"గొంతు వెనక మీ ఏడుపు కూడా వినిపిస్తుందండీ. అది తీయడం కుదరదు."

"మీరూ, మీ అమ్మగారూ. అంతేగా వినేది?"

"అంతే."

"అయితే ముందు నాకు వినిపించండి. ఎప్పుడు మొదలుపెట్టినా సగంలోనే కట్టేశాను. చివర ఎలా ఉంటుందో నేను వినలేదు."

మర్నాడు టీచర్ ఆ మాటల ముక్క మాత్రం ఫోన్లోకి తెచ్చుకుంది. వీడియోను షాపాయన ఆవిడ కళ్ళముందే శాశ్వతంగా తీసేశాడు. పిన్ని మందుల షాపు వెనక గదిలో, అట్టపెట్టెల మధ్య నిలబడి విన్నది. మొహంలో ఏమీ తెలియలేదు. ఫోన్ తిరిగి ఇస్తూ, ఆయన గొంతు ఇంకా పెద్దదనుకున్నాను, అంది.

క్లాసులో చెప్పడం దానికన్నా కష్టమైంది. టీచర్ బల్ల ముందు నిలబడి, ఆ పాఠంలో తాను చేసిన పొరపాటేమిటో దాచకుండా చెప్పింది. పిన్ని పేరెత్తలేదు. ఎవరి ఫోన్లో ఆ వీడియో ఉన్నా తీసెయ్యమంటే, చివరి బల్ల వాళ్ళు అందరికన్నా ముందు తీశారు. మధ్య బల్ల అమ్మాయిని రాణీ అని పిలవడం ఒక్కరోజులో ఆగలేదు. ఒకసారి ఆ అమ్మాయే లేచి, నా పేరు మర్చిపోతే హాజరు పట్టీలో చూసుకోండి అంది. తర్వాత తగ్గింది.

ఒక పిల్లవాడు మాత్రం అడిగాడు. "టీచర్, ఆవిడ గొంతు కూడా వద్దంటే ఏం చేసేవారు?"

 వదులుకునేదాన్నని చెప్పాలని ఉంది టీచర్‌కి. చెప్పలేకపోయింది. "ఏమోరా," అంది. ఆ జవాబు ఆవిణ్ణి చాలారోజులు తొలిచేసింది.

వీడియో పూర్తిగా పోయిందా అంటే పోలేదు. కొన్ని వారాలకి ఇంకో సైటులో వేరే పేరుతో తేలింది. ఎవరు దింపుకున్నారో తెలియదు. టీచర్ రాసింది, తీశారు. తర్వాత మరోచోట తేలింది. మళ్ళీ రాసింది. ఇప్పుడు పొద్దునే టీ పెట్టుకుంటూ ఒకసారి వెతికి చూసుకోవడం ఆవిడకి అలవాటైపోయింది. కనబడితే పిన్నికి చెప్పదు. తీశాక చెబుతుంది.

ఒక ఆదివారం పిన్ని వాళ్ళింటికి వచ్చింది. టీచర్ తల్లి పిలిపించింది, ఆ రోజు సంగతి తన చెవులతో వినాలని. చొక్కా నడుముకి చుట్టిన దగ్గరికి రాగానే తల్లి చెయ్యి ఎత్తి ఆపింది. ఆ చొక్కా ఏమైందని అడిగింది. తిరిగి ఇద్దామని మా అమ్మ ఉతికి పెట్టిందండీ, తర్వాత ఆ బస్సు మీదకి ఆయన రాలేదు, వేరే రూటు వేశారేమో, అంది పిన్ని. ఇంట్లోనే ఎక్కడో ఉండిపోయి పాతబడిపోయిందట.

తల్లి మొహం చిత్రంగా మారింది. దండెం మీద ఆరేసిన చొక్కా పోయిందని, పక్కింటావిడే తీసిందని ఆ రోజుల్లో పెద్ద రభస చేసింది తను. భర్త ఎంత అడిగినా పోనీలే అన్నాడే తప్ప, ఎక్కడ పోయిందో చెప్పలేదు. ఆ పిల్ల సంగతి ఎవరికీ తెలియకూడదనుకున్నాడేమో. పక్కింటావిడతో ఆ తర్వాత మాటలు లేవు. గోడకి ఇటూ అటూ ఇన్నేళ్ళూ ఒకరి చెత్తబుట్ట చప్పుడు ఒకరు వింటూ బతికారు.

"ఆ మనిషి నాకైనా చెప్పొచ్చుగా," అంది. తిట్టిందో, మెచ్చుకుందో తెలియలేదు.

కాసేపు గ్లాసు పట్టుకుని కూర్చుంది. కూర్చోలేకపోయింది. లేచి, జుట్టు సవరించుకుని, గుమ్మం దగ్గర చెప్పుల కోసం కాలితో వెతుక్కుంది. ఎక్కడికని కూతురు అడిగితే పక్కింటికని చెప్పింది. పిన్ని వైపు తిరిగి, "నువ్వు కూడా రామ్మా. నేనొక్కదాన్ని చెబితే అది నమ్మదు," అంది.